అమ్మ వాటా అంగుళం

బండి ఎత్తు పెంచింది మా అత్తగారి కోసం. పెంచాక ఆవిడ అందులోకి ఎక్కలేకపోయింది. జరిగింది ఇదే.

ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు మా ఇంటి మగవాళ్ళ గురించి చెప్పాలి. పల్నాడులో తొర్రిమడుగు మా ఊరు. మా అత్తయ్యకి ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ తమ తెలివి మీద తిరుగులేని నమ్మకం. ఊళ్ళో ఎవరి మోటారు చెడినా, ఎవరి సంబంధం చెడినా పిలవకుండానే వెళ్తారు. వెళ్ళాక అది పూర్తిగా చెడుతుంది. "మేం వెళ్ళాం కాబట్టి ఈ మాత్రమన్నా మిగిలింది" అనుకుంటూ తిరిగొస్తారు. పెద్దాయన త్రికోటి, మా ఆయన. రెండోవాడు యలమంద, మనిషి ధాన్యం గుమ్మిలా ఉంటాడు, బండి నడిపేది అతనే. మూడోవాడు అంకారావు ఇంటర్ దాకా చదివాడు కాబట్టి ఇంట్లో లెక్కలన్నీ అతనివి.

వాళ్ళ తెలివికి ఒకటే సూత్రం. ఎవరు ఏది ఎంత చెబితే అంత చెయ్యాలి. వెంట్రుకంత ఎక్కువ కాకూడదు, తక్కువా కాకూడదు.

"చెప్పింది వదిలేసి సొంత తెలివి వాడేవాడు మూర్ఖుడు వసుమతీ" అంటాడు మా ఆయన నాతో.

ఆ నేరం మాత్రం వాళ్ళ మీద ఎవరూ మోపలేరు.

గుంటూరులో ఎవరో కాంట్రాక్టరు తన పెద్ద ఎస్‌యూవీ అమ్మేస్తుంటే ముగ్గురూ కలిసి కొన్నారు. ఏడుగురు కూర్చోవచ్చు, వెనక సామానుకి వేరే చోటుంది. అది మా వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్న వాళ్ళు కాళ్ళు ముడుచుకోవాలి. ఊరంతా దాన్ని ఏనుగనే పిలిచారు. ఇంకేముంది, మొదటి ప్రయాణం అత్తయ్య పుట్టింటికి, ఎర్రగుంటపాలేనికి.

ఆ దారి సంగతి అందరికీ తెలిసిందే. నల్లరేగడి నేల, ట్రాక్టర్లు తొక్కిన లోతు గాడులు, మధ్యలో వాగు. వాగు దాటగానే నడిదారిలో ఒక నల్లరాయి. ఏనుగు పొట్ట ఆ రాయి మీద ఆనుకుంది. యలమంద ఎంత తొక్కినా చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదల్లేదు. చివరికి ట్రాక్టరు తెచ్చి లాగారు. లాగుతున్నంతసేపూ అత్తయ్య తమ్ముడి భార్య సౌభాగ్యమ్మ గట్టు మీద నిలబడి చూసింది.

"మా ఆడపడుచు కొడుకుల బండి చూడండే, పడుకుని వచ్చింది" అంది పక్కవాళ్ళతో.

అత్తయ్య విన్నది. విని మనసులో పెట్టుకుంది.

ఆ సౌభాగ్యమ్మే మాఘమాసంలో కొత్త ఇంటి గృహప్రవేశం పెట్టుకుంది. ఇంటి ఆడపడుచు పాలు పొంగించాలి. ఆ ఇంటికి ఆడపడుచు మా అత్తయ్య ఒక్కతే. పిలుపు వచ్చింది గానీ దానికో తోక ఉంది: "వదిన రాగలిగితే వదినే పొంగించాలి. రాలేకపోతే దిగులేం లేదు, మా చెల్లెలు ఉంది."

అంతే. అత్తయ్య మంచం మీద నుంచి లేచి కూర్చుంది.

"నా తమ్ముడి ఇంట్లో ఆవిడ చెల్లెలు పాలు పొంగిస్తే నేను బతికుండి ఎందుకురా? పాక్కుంటూ అయినా పోతా."

ఆవిడ మోకాళ్ళు వంటింటి గడప దాటడానికే పంచాయితీ పెడతాయి. నేను ఆటో మాట్లాడదామన్నాను.

"ఇంట్లో ఏనుగుని పెట్టుకుని ఎలకనెక్కుద్దా వదినా? అమ్మేమన్నా వినాయకుడా?" అన్నాడు యలమంద.

"ఏనుగు ఎత్తు పెంచితే సరి" అన్నాడు మా ఆయన.

ముగ్గురూ నరసరావుపేటలో మస్తాన్‌వలి షెడ్డుకి వెళ్ళారు. మస్తాన్‌వలి చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. ఎప్పుడూ ఏదో ఒక బండి కింద పడుకుని ఉంటాడు, కాళ్ళతోనే బేరాలాడతాడని పేరు. కింద నుంచే చెప్పాడట: "పెంచొచ్చన్నా. స్ప్రింగులు మార్చాల, వాటికి తగ్గట్టు షాకబ్జర్లు పొడుగువి వెయ్యాల. ఎంత పెంచాలంటే మీ దారిలో ఆ రాయి ఎంతుందో తెలియాల. రేపు దాని కొలత పట్టుకురండి."

మర్నాడు నాకు పేటలో పనుండి నేనూ బండెక్కాను. కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు. రాయి ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"కొలత" అన్నాడు అంకారావు.

"టేపుతో కొలిస్తే సరిపోయేది కదా!"

"అది టేపు మీద కొలత అయిద్ది వదినా. రాయి కొలత రాయిలో ఉంటది. రాయిని అక్కడొదిలేసి కొలత ఒక్కదాన్నే ఎట్టా తెస్తాం?"

ముగ్గురి అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. తెల్లవారకముందే గునపాలతో పెకలించారట.

షెడ్డులో రాయిని దింపిన చప్పుడికి మస్తాన్‌వలి మొట్టమొదటిసారి బండి కింద నుంచి పూర్తిగా బయటికొచ్చాడు.

"ఇదేందన్నా?"

"నువ్వడిగిన రాయి."

"దారిలో ఉన్న రాయా?"

"ఆ, అదే."

"మరిప్పుడు దారిలో ఏముంది?"

"ఇప్పుడేముంటది? రాయి ఇక్కడుందిగా" అన్నాడు యలమంద.

మస్తాన్‌వలి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అన్నా, రాయే లేనప్పుడు ఇంక ఎత్తు పెంచడమెందుకు? హాయిగా ఇంటికి పోండి."

మా ఆయన తమ్ముళ్ళ వైపు తిరిగి జాలిగా నవ్వాడు. "చూశార్రా, పనోడు ఎప్పుడూ సగమే ఆలోచిస్తాడు. ఏమయ్యా, ఎత్తు పెంచాక రాయిని మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెడతాంగా! ఇంత ఖర్చు పెట్టి ఎత్తు పెంచుకున్నాక దారిలో రాయి ఉండొద్దూ?"

మస్తాన్‌వలి నా వైపు చూశాడు. నేను గోడ మీద కేలండరు చూశాను.

మస్తాన్‌వలి రాయిని బండి పక్కన పెట్టి కొలిచి, "రెండంగుళాలు పెంచితే చాలు, దర్జాగా దాటిద్ది" అన్నాడు.

"రెండేంది? బండి ముగ్గురన్నదమ్ములది. రెండంగుళాలు ముగ్గురికి ఎట్టా పంచుతావు? తలా ఒకటి, మూడు వెయ్యి" అన్నాడు అంకారావు.

"మరి అమ్మకి?" అన్నాడు యలమంద. "ఇదంతా అమ్మ కోసమే కదరా. అమ్మ వాటా లేకుండా ఎట్టా?"

మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నాలుగు వెయ్యి మస్తాన్. అమ్మకో అంగుళం."

"నాలుగొద్దన్నా. మరీ ఎత్తైతే మలుపుల్లో బండి ఒక పక్కకి ఒరుగుద్ది. ఎక్కేవాళ్ళకి కష్టం."

"అత్తయ్య ఎక్కగలదా?" అన్నాను నేను.

"అమ్మ ఎక్కడానికే కదే పెంచేది!" అన్నాడు మా ఆయన.

"పోనీ పక్కన మెట్టన్నా పెట్టించండి."

"వదినా" అన్నాడు యలమంద, చంటిపిల్లకి చెప్పినట్టు. "మెట్టు కిందికి వేలాడిద్ది. బండిని పైకెత్తడానికి డబ్బులిచ్చి, మళ్ళీ కిందికి వేలాడేదొకటి తగిలించుకుంటారా ఎవరన్నా? బోడిగుండు చేయించుకుని సవరం కట్టుకున్నట్టు!"

షెడ్డులో ఉన్న వాళ్ళందరూ తలలూపారు.

ఇక షాకబ్జర్లు, అంటే బండి కుదుపుల్ని ఆపే గొట్టాలు. మెత్తవి కావాలా గట్టివి కావాలా అని అడిగాడు మస్తాన్‌వలి. మనుషులే తిరిగితే మెత్తవి, సరుకు మోసేట్టయితే గట్టివి. ఇంకేముంది, అక్కడే పంచాయితీ మొదలైంది. అమ్మకి నడుం నొప్పి, కాబట్టి మెత్తవి అన్నాడు మా ఆయన. యలమంద కూర్చుంటే మెత్తవి నేలకి అతుక్కుపోతాయి, కాబట్టి గట్టివి అన్నాడు అంకారావు. కాసేపటికి అతనికే మంచి ఉపాయం తట్టింది.

"చక్రాలు నాలుగు. అమ్మతో కలిపి మనం నలుగురం. ఎవరి చక్రానికి వాళ్ళకిష్టమైంది వేయించుకుంటే గొడవే లేదు."

మస్తాన్‌వలి రెండు చేతులూ జోడించాడు. "అన్నా, అట్టా వేస్తే బండి కుంటిమేకలాగా నడుస్తది. మీరొక పని చెయ్యండి. మామూలుగా ఏమేం వేసుకుని తిరుగుతారో అదంతా వేసుకుని రేపు రండి. ఆ బరువు చూసి నేనే వేస్తా."

అంతే. మర్నాడు పొద్దున బండి సర్దడం మొదలుపెట్టారు. ఏడాది మొత్తంలో ఎప్పుడెప్పుడు ఏమేం మోస్తారో అదంతా ఒకేసారి ఎక్కించారు. మిరపకాయల టిక్కీలు, అంటే తొక్కి కుట్టిన పెద్ద గోతాలు. బర్రెల తవుడు. యూరియా కట్టలు. మందు కొట్టే మిషను. ఎప్పుడన్నా చుట్టాలొస్తే కావాలని నవ్వారు మంచం. వీటన్నిటి కింద రాయి, తిరిగి పెట్టాలి కాబట్టి. పైన ముగ్గురన్నదమ్ములు.

మస్తాన్‌వలి బండి చుట్టూ తిరిగాడు. వెనక భాగం నేలని ముద్దు పెట్టుకుంటోంది.

"రోజూ ఇంత బరువేసుకుని తిరుగుతారా అన్నా?"

"నువ్వే కదా వేసుకు రమ్మన్నావు."

మస్తాన్‌వలి లోపలికి పోయాడు. షెడ్డులో ఉన్న వాటిలోకెల్లా గట్టివి తీసి బిగించాడు. బిగించాక ముందు బంపరు మీద బలంగా నొక్కి వదిలాడు. బండి ఒకసారి కిందికి దిగి పైకొచ్చి నిలబడింది.

"చూశారా? ఒక్క ఊపు, అంతే. పాతవైతే నాలుగైదుసార్లు ఊగేవి. బాగా అరిగిపోయినయ్."

మా ఆయన మొహం మాడిపోయింది. "అరిగిపోయినవే అన్నిసార్లు ఊగితే, కొత్తవి పదిసార్లన్నా ఊగాల కదయ్యా? ఒక్కసారికే అలిసిపోయినయ్యేంది?"

అరగంట వాదించి, పాతవి కూడా గోతంలో కట్టించుకున్నాడు. ఊగడానికి పనికొస్తాయట.

బయల్దేరేటప్పుడు మస్తాన్‌వలి చివరి మాట చెప్పాడు. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది.

"అన్నా, ఇవి ఈ బరువుకి తగ్గట్టు వేసినయ్. బరువు తగ్గించారంటే బండి ఎగిరెగిరి పడుద్ది. ఆ తర్వాత నన్ననొద్దు."

తిరిగొస్తూ వాగు దగ్గరికి పోయి రాయిని పాత గుంటలోనే దింపారు. ఏ వైపు పైకి ఉండేదో మట్టి మరక చూసి మరీ పెట్టారు. బండి దాని మీదుగా ముందుకీ వెనక్కీ పోనిచ్చారు. తగల్లేదు. ముగ్గురూ దిగి ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు.

అప్పుడు అంకారావు ఉలిక్కిపడ్డాడు. "అన్నా! రాయి దిగింది. బరువు తగ్గింది!"

ఇంకేముంది, బండి అక్కడే ఆగిపోయింది. అటుగా ఒక గొర్రెల కాపరి పోతుంటే పిలిచారు. "బాబాయ్, కాసేపు కూర్చోవా?" ఒక్కడు చాలడని అతని పొట్టేలుని కూడా ఎక్కించారు. ఆయన ఎక్కడికని అడగలేదు. మా ఇంటికొచ్చాడు, కాఫీ తాగాడు, పొట్టేలుని తోలుకుని నడిచి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి అదే వరస. బండిలో నుంచి ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కాలి. బస్తా దిగితే బస్తాకి సరిపడా మనిషి ఎక్కాలి. యలమంద టీ తాగడానికి దిగితే అతని బదులు ఇద్దరిని కూర్చోబెట్టేవాళ్ళు, ఒక్కడు సరిపోడు కాబట్టి. మా ఊళ్ళో పనీపాటా లేని వాళ్ళకి దాంతో ఒక ఉద్యోగం దొరికినట్టయింది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, "ఇవాళ ఎవరు దిగుతున్నారు త్రికోటన్నా?" అని అడిగేవాళ్ళు.

మలుపుల్లో బండి ఒరుగుతుందన్నాడు కదా, దానికీ ఉపాయం కనిపెట్టారు. మలుపు రాగానే అంకారావు అరుస్తాడు, "ఎడమకి!" లోపలున్న వాళ్ళంతా ఎడమకి ఒరగాలి. "కుడికి!" అంటే కుడికి. ఒకసారి నేను ఒరగలేదు. ముగ్గురూ ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

గృహప్రవేశం రోజు వచ్చింది. ముహూర్తం పొద్దున పదింటికి. అత్తయ్య తెల్లవారుతూనే తలంటుకుని, అరిటాకు పచ్చ పట్టుచీర కట్టుకుని, కొత్త ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతటి సంబరం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

బండి గుమ్మం ముందు ఆగింది. యలమంద తలుపు తీశాడు. బండి గడప ఆవిడ నడుం దాకా ఉంది. అత్తయ్య ఒక కాలు ఎత్తింది. కాలు జానెడు లేచి ఆగింది. రెండో కాలు ఎత్తి చూసింది. అదీ అంతే.

అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడి చూశారు.

"ఎవర్రా ఇంతెత్తు పెట్టించింది?" అంది అత్తయ్య.

"పైనున్నది నీ అంగుళమేనమ్మా" అన్నాడు యలమంద.

అంకారావు పార తెచ్చాడు. పై అంగుళం అమ్మది కాబట్టి నేలని ఒక అంగుళం తవ్వితే లెక్క సరిపోతుందట. చక్రాల కింద సరిగ్గా ఒక అంగుళం తవ్వి, స్కేలు పెట్టి చూసి, "ఇప్పుడెక్కమ్మా" అన్నాడు. అత్తయ్య గిన్నె ఎత్తింది, అతని నెత్తి మీద కొట్టడానికి.

"బండిని వెనక్కి తిప్పి అరుగుకి ఆనించండి" అన్నాను నేను.

ఆనించారు. అత్తయ్య అరుగు మీద నుంచి గదిలోకి వెళ్ళినట్టు బండిలోకి వెళ్ళి కూర్చుంది.

"వదిన మన ఇంటికొచ్చాక బాగా తెలివి నేర్చుకుంది" అన్నాడు అంకారావు.

వాగు దాటాం. రాయి దాటాం. పొట్ట తగల్లేదు. అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి ఆ రాయి వంక చూసి నవ్వింది. పది కావడానికి ఇంకా చాలా సేపుంది. అంతా బాగానే ఉందనుకున్నాను. నాకూ ఆ ఇంటి గాలి సోకినట్టుంది.

కొత్త ఇంటి ముందు ఆగాం. పట్నం తీరు ఇల్లు. గేటు, నున్నటి టైల్సు, సీరియల్ లైట్లు, అన్నీ ఉన్నాయి. అరుగు లేదు.

అత్తయ్య తలుపు తీసి కిందికి చూసింది. బావిలోకి చూసినట్టు చూసింది.

"దిగలేనురా" అంది.

గేటు దగ్గర సౌభాగ్యమ్మ, పక్కనే నిండా నగలతో ఆవిడ చెల్లెలు పద్మజ. సౌభాగ్యమ్మ బండిని పైనుంచి కిందిదాకా చూసింది.

"వదినా, ఈసారి బండి నిలబడే వచ్చింది. మీరే కూర్చుండిపోయారు. ఫర్వాలేదులెండి, అక్కడి నుంచే చూడండి. మా పద్మ పొంగిస్తుంది."

అత్తయ్య గిన్నెని ఒళ్ళోకి లాక్కుంది. యలమంద ఎత్తుకుంటానన్నాడు. "పదిమందిలో నన్ను ఎత్తుకుని దింపుతావురా? నేనేమన్నా మూటనా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకమ్మా. స్టవ్వు బండిలోకి తెప్పిస్తా. నువ్వు ఇక్కడే పొంగించు" అన్నాడు మా ఆయన.

"పాలు ఇంట్లో పొంగాలయ్యా!" అని లోపలి నుంచి పంతులుగారు కేకేశారు. "పది నిమిషాల్లో ముహూర్తం!"

"వెనకున్న టిక్కీలు మూడు దింపి మెట్లలాగా పేర్చండి" అన్నాను.

అన్నదమ్ములు ముగ్గురూ నేనేదో పాపం చెయ్యమన్నట్టు చూశారు.

"టిక్కీలు దింపితే బరువు తగ్గిద్ది కదే" అన్నాడు మా ఆయన.

"బండి ఆగే ఉంది కదా!"

"ఆగితే తగ్గించొచ్చని మస్తాన్ చెప్పలేదు వదినా" అన్నాడు అంకారావు.

వాదించే తీరిక లేదు. "అయితే టిక్కీకో మనిషిని ఎక్కించి తగలెయ్యండి" అన్నాను.

అంతే. అంకారావు పందిట్లోకి దూసుకుపోయాడు. ఒక్కొక్కళ్ళనీ పైనుంచి కిందికి చూసి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. మొదటి టిక్కీకి మావయ్య, అంటే అత్తయ్య తమ్ముడు, ఇంటి యజమాని. "నా ఇంటి గృహప్రవేశం రా!" అంటున్నా వినకుండా లోపలికి తోశారు. రెండో టిక్కీకి వంటాయన, గరిటెతో సహా. మూడోదానికి పంతులుగారు. "ముహూర్తం, ముహూర్తం" అంటూనే ఆయనా ఎక్కారు.

"ఇప్పుడు అమ్మ కూడా దిగిద్దిగా. అమ్మ బరువుకి ఎవరున్నారు?" అని అంకారావు చుట్టూ చూశాడు. చూపు పద్మజ మీద ఆగింది. "అక్కా, నగలతో కలిపితే సరిగ్గా మీరే."

"లోపల ఏసీ ఉందా?" అంది పద్మజ.

"ఉంది."

ఎక్కి కూర్చుంది.

అత్తయ్య మిరపకాయల గోతాల మీద అడుగులో అడుగు వేస్తూ దిగింది. సింహాసనం మీద నుంచి దిగినట్టే దిగింది. సౌభాగ్యమ్మ పక్క నుంచి తల తిప్పకుండా నడిచి, కుడికాలు ముందు పెట్టి కొత్త ఇంట్లోకి వెళ్ళింది.

చుట్టాలంతా బండి చుట్టూ మూగడంతో వంటింట్లో మేం ముగ్గురమే ఉన్నాం. అత్తయ్య, నేను, వేరే దారి లేక సౌభాగ్యమ్మ. పంతులుగారు బండి కిటికీలోంచి గొంతు చించుకుని మంత్రాలు చదువుతున్నారు. పాలు మెల్లగా అంచు దాకా లేచాయి, ఒక్క క్షణం ఆగాయి, పొంగి పొయ్యి మీదికి జారాయి.

"పొంగినయ్!" అంది అత్తయ్య. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

బండిలో ఉన్న వాళ్ళంతా ఒక్కసారిగా అరిచారు. సౌభాగ్యమ్మ కూడా నవ్వేసింది. "పోనీలే వదినా, మీ చెయ్యే పడింది" అని బొట్టు పెట్టింది. ఆ సంతోషంలో అత్తయ్య ఒక మిరప టిక్కీ తమ్ముడింటికి చదివింపుగా ఇచ్చేసింది.

భోజనాలయ్యాయి. బరువులన్నీ ఒక పద్ధతి ప్రకారం ఎక్కాయి, దిగాయి. అత్తయ్య గోతాలెక్కి బండిలో కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని, ఇంక ఏం జరుగుతున్నా చూడకూడదని కళ్ళు మూసుకున్నాను. సాయంత్రానికి ఇంటికి చేరాం.

దిగి వెనక తలుపు తీస్తే గోతాల మధ్య పంతులుగారు ఉన్నారు. పులిహోర మత్తులో గురక పెడుతున్నారు.

"ఈయనెందుకున్నారు?" అన్నాను.

"చదివించిన టిక్కీ బదులు వదినా" అన్నాడు యలమంద. "భోంచేసి బండిలోనే నిద్రపోయారు. సరిగ్గా సరిపోయారు."

పంతులుగారు లేచి చుట్టూ చూశారు. "ఇది ఏ ఊరు నాయనా? నాకు పొద్దుగూకే వేళకి వ్రతం చేయించాల్సింది ఉంది!"

"కంగారు పడకండి, దింపేస్తాం" అన్నాడు మా ఆయన. ముగ్గురూ బండి చుట్టూ చేరి ఆలోచన మొదలుపెట్టారు. పంతులుగారిని అక్కడ దింపితే బరువు తగ్గుతుంది. కాబట్టి వచ్చేటప్పుడు ఆయన బదులు మావయ్యని తేవాలి. రేపు మావయ్యని దింపి వంటాయన్ని తేవాలి. ఎల్లుండి వంటాయన్ని దింపి పద్మజని తేవాలి. అంకారావు వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

"అన్నా, ఆ ఊళ్ళో వాళ్ళందరూ ఒక్కసారి వచ్చిపోయేసరికి ఉగాది దాటిద్ది. తర్వాత ఎవర్ని తెస్తాం?"

ముగ్గురూ నిజంగానే దిగులుపడ్డారు. మా ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు.

"మళ్ళీ పంతులుగారితో మొదలుపెడదాం" అన్నాడు కాసేపటికి.

"అమ్మయ్య" అన్నాడు యలమంద. పంతులుగారు అరుగు మీద కూలబడ్డారు.

"తాళం ఇటివ్వు" అన్నాను యలమందతో. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, ఇచ్చేశాడు. ఎదురింటి వాళ్ళ మోటారు సైకిలు మీద పంతులుగారిని వ్రతానికి పంపించాను. సోమవారం పేటకి వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకున్నాను. లైసెన్సు చేతికొచ్చాక మస్తాన్‌వలి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళి, ఎత్తు రెండంగుళాలకి దింపించి, మెత్తటి షాకబ్జర్లూ పక్కన మెట్టూ వేయించాను. ఇప్పుడు అత్తయ్యని ఎక్కడికైనా నేనే తీసుకెళ్తాను.

బండి తాళం ఆ ముగ్గురి చేతికీ మళ్ళీ ఇవ్వకూడదని ఆ సాయంత్రమే అనుకున్నాను. ఇవ్వలేదు.